మొదటి కాంగా కొనాలనుంది, కార్డు బాకీ ఇంకా తీరలేదు, ఈఎమ్ఐ తీస్కోవచ్చా?

ప్రశ్న: ఈ పెద్ద సిటీకి వచ్చి ఏడాదైంది సార్, ఉద్యోగం బానే ఉంది. మూడు నెలల్నించి వారానికి రెండ్రోజులు కాంగా (చేతుల్తో వాయించే పొడుగాటి క్యూబా డ్రమ్ము) క్లాసుకి వెళ్తున్నా, ఇంట్లో మాత్రం దిండు మీదే ప్రాక్టీసు. షాపులో రెండు కాంగాల సెట్ చూశా, నా నెల జీతంలో ముప్పావు వంతు అవుతుంది, 12 నెలల నో కాస్ట్ ఈఎమ్ఐ ఇస్తాం అంటున్నారు. సెకండ్ హ్యాండ్‌లో ఒక్క కాంగా అయితే ఆ సెట్ ధరలో మూడో వంతుకే దొరుకుతోంది. ఖర్చులన్నీ పోగా నెలకి జీతంలో 15 శాతం మిగుల్తుంది. క్రెడిట్ కార్డు మీద సగం జీతమంత బాకీ ఉంది, నెలకి 3 శాతం వడ్డీ. బ్యాంకులో రెండు నెలల ఖర్చులకి సరిపడా డబ్బుంది, దాన్ని కదపలేదు. మా అక్క ఇదంతా దండగ ఖర్చు అంటోంది. ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు ఒక మాట చెప్తానండి, మూడు నెలల పాటు క్లాసు మానకుండా వెళ్ళి ఇంటికొచ్చి దిండు మీద కూడా వాయిస్తున్నారంటే మీది షాపు అద్దంలో చూసి పుట్టిన మోజు కాదు. నా దగ్గరికి వాయిద్యాల గురించి అడగడానికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కొన్నాక నేర్చుకుందాం అనుకునేవాళ్ళే, మీరు నేర్చుకుంటూ కొందాం అంటున్నారు, ఆ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. కాబట్టి కాంగా కొనండి. కానీ ఆ సెట్ వద్దు, ఈఎమ్ఐ వద్దు, ఈ నెల కూడా వద్దు. ఆరో నెలలో కొనండి, ఒక్కటే కొనండి.

లెక్క చూద్దాం. మీ జీతం 100 అనుకుందాం, అప్పుడు కార్డు బాకీ 50, సెట్ 75, సెకండ్ హ్యాండ్ కాంగా 25, నెలకి మిగిలేది 15. నెలకి 3 శాతం వడ్డీ అంటే వినడానికి చిన్నగానే ఉంటుంది గానీ చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది, అంత లాభం ఖాయంగా ఇచ్చే పెట్టుబడి నేనైతే ఎక్కడా చూపించలేను, అందుకే మొదటి పని ఆ బాకీ తీర్చడమే. కొత్తగా కార్డు గీకకుండా నెలకి 13 చొప్పున కడుతూ పోతే నాలుగు నెలలకి బాకీ 2 దగ్గరికి వచ్చేస్తుంది, ఐదో నెలలో పూర్తిగా తీరిపోయి ఇంకో 11 మీ చేతిలో మిగుల్తుంది. ఆరో నెల 15 కలిపితే 26. కాంగాకి 25. సరిపోయింది కదా, అప్పు లేకుండా, బ్యాంకులో ఉన్న రెండు నెలల డబ్బు ముట్టుకోకుండా.

నెలకి 15 మిగుల్తుంటే 13 మాత్రమే కట్టమన్నా, మిగతా 2 ఎందుకంటే ఈ ఐదు నెలలు మీ చేతులు ఊరికే ఉండకూడదు కాబట్టి. మీ క్లాసులో డ్రమ్ము గంటల లెక్కన అద్దెకిస్తారేమో అడగండి, పెద్ద సిటీలో ఉండటం వల్ల వచ్చే మంచి సౌకర్యం ఇదే, రిహార్సల్ రూములు ఉంటాయి, వాటిల్లో కాంగాలు అక్కడే పెట్టి ఉంచుతారు. వారానికి ఒక గంట దొరికినా చాలు. ఆ 2 దానికి పెట్టండి. ఇది మాత్రం తగ్గించొద్దు.

కొంతమంది ఫైనాన్షియల్ ప్లానర్లు ఆరు నెలల ఎమర్జెన్సీ ఫండ్ పూర్తయ్యాకే కొనాలి అంటారు, మామూలుగా నేనూ అదే చెప్తా. మీ విషయంలో చెప్పట్లేదు. ఖర్చులు 85, మిగులు 15 ఉన్న మనిషికి ఇంకో నాలుగు నెలల ఖర్చులు కూడబెట్టడానికి రెండేళ్ళ దాకా పడుతుంది, అప్పటిదాకా దిండు మీద వాయించమంటే ఎవరైనా వాయించడమే మానేస్తారు. కాంగా కొన్న మర్నెల నించి ఆ 15 మొత్తం ఫండ్‌కే వెళ్ళాలి, ఆ మాట మీద మాత్రం నిలబడండి.

ఇక ఆ నో కాస్ట్ ఈఎమ్ఐ సంగతి. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, ఒకేసారి డబ్బు కడితే ఎంత తగ్గిస్తారో షాపువాళ్ళని అడగండి, ఆ రెండూ కలిపితే వడ్డీ ఎక్కడ దాక్కుందో చాలాసార్లు తెలిసిపోతుంది. కార్డు మీద ఈఎమ్ఐ అయితే లిమిట్ కూడా ఆ మేరకి బ్లాక్ అవుతుంది, రేపు ఆస్పత్రి ఖర్చు వస్తే ఆ కార్డు పనికి రాకపోవచ్చు. నెలకి 6 పైన ఏడాది పాటు కట్టాలి, అంటే కార్డు బాకీకి 9 లోపే మిగుల్తుంది, అది తీరడానికి ఏడు నెలలు, ఆ ఏడు నెలల్లో ఏ చిన్న అవసరం వచ్చినా మళ్ళీ అదే కార్డు మీద పడతారు. నాకు భయం వడ్డీ గురించి కాదండి, ఆ ఇరుకు గురించి.

ఒక్క కాంగా సరిపోతుందా అని మీకు అనుమానం రావచ్చు, ఇక్కడ కాస్త వివరంగా చెప్పాలి. నేను వాయించను, మా తమ్ముడు పదేళ్ళుగా వాయిస్తున్నాడు, వాడితో సెకండ్ హ్యాండ్ డ్రమ్ములు చూడ్డానికి చాలాసార్లు తిరిగా, వాడు నేర్పిందే ఇది. క్యూబాలో రుంబా సంగీతం వాయించేటప్పుడు ఒక్కో డ్రమ్ముకి ఒక్కో మనిషి ఉండటమే పాత పద్ధతి, ఒకే మనిషి రెండు మూడు కాంగాలు వాయించడం తర్వాత వచ్చింది, క్యూబా కాంగా కళాకారుడు కాండిడో కమేరో లాంటి వాళ్ళు దానికి పేరు తెచ్చారు. మీరు ఇప్పుడు క్లాసులో నేర్చుకునే తుంబావ్ అనే మూల దరువు ఒక్క డ్రమ్ము మీద పూర్తిగా వాయించొచ్చు. ఓపెన్ టోన్, బాస్, స్లాప్, అరచేతి మడమ, వేళ్ళు మార్చి మార్చి వేసే దెబ్బ, ఇవన్నీ శుభ్రంగా పలకడానికే నెలలు పడుతుంది, రెండో డ్రమ్ము అంతదాకా పక్కన నిలబడి ఉండటమే.

సైజు విషయానికొస్తే పై చర్మం అడ్డుకొలత చిన్నదైన క్వింటోకి 11 ఇంచులు, మధ్యదైన కాంగాకి 11.75, పెద్దదైన తుంబాకి 12.5, మామూలుగా ఈ లెక్కే (కంపెనీని బట్టి కొద్దిగా అటూ ఇటూ). మొదటిది మధ్యదే తీస్కోండి, 11.75. కాస్త బిగిస్తే క్వింటో వైపు, వదులు చేస్తే తుంబా వైపు వెళ్తుంది, రేపు రెండోది కొన్నా ఏ వైపైనా జత కుదురుతుంది. మీరు చూసిన సెట్ 10, 11 ఇంచులదేనేమో ఒకసారి కొలిచి చూడండి, బిగినర్ సెట్లు చాలావరకు ఆ సైజుల్లోనే వస్తాయి, రెండు డ్రమ్ములు స్టాండుతో సహా వస్తున్నాయి కదా అని సంతోషపడతాం, పెద్ద డ్రమ్ముకి అలవాటు పడ్డాక మాత్రం ఆ సెట్‌ని అమ్మాల్సి వస్తుంది. స్టాండు కూడా ఇప్పుడు అవసరం లేదు, కూర్చుని మోకాళ్ళ మధ్య పెట్టుకుని కొద్దిగా ముందుకి వంచి వాయించొచ్చు, ఆ డబ్బు మిగిలినట్టే.

సెకండ్ హ్యాండ్ చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఫోన్ టార్చి, బోల్టులు తిప్పే పానా వెంట ఉండాలి, పానా అమ్మేవాళ్ళ దగ్గరే ఉందో లేదో ముందే అడగండి, సైజు కంపెనీకొకటి ఉంటుంది. డ్రమ్ముని పక్కకి పడుకోబెట్టి కింద నించి లోపలికి టార్చి వేసి చూడండి, చెక్కదైతే పలకల అతుకుల దగ్గర వెలుగు బయటికి కనిపిస్తే వదిలెయ్యండి, ఫైబర్‌దైతే బోల్టు ప్లేట్లు బిగించిన చోట వెంట్రుక లాంటి పగుళ్ళు ఉంటాయేమో చూడండి. పైన ఇనప రింగుకీ ఒంటికీ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి, ఒకవైపు ఎక్కువ ఒకవైపు తక్కువ ఉంటే డ్రమ్ము గుండ్రం తప్పి ఉండొచ్చు. ప్రతి బోల్టునీ పావు చుట్టు బిగించి వదిలి చూడండి, ఒకటి తిరక్కపోయినా మరలు పోయినా ధర తగ్గించమని అడగొచ్చు. చర్మం పాతదైతే అది లోపం కాదు, కానీ కొత్తది ఎంతవుతుందో ముందే కనుక్కుని ధరలోంచి తీసెయ్యండి, ఎందుకంటే ఒక కంపెనీ చర్మం ఇంకో కంపెనీ డ్రమ్ముకి అదే ఇంచులైనా సరిగ్గా కూర్చోకపోవచ్చు, రింగు ఆకారం మారుతుంది. అందుకే ఎల్‌పీ, మైనల్ లాంటి తెలిసిన కంపెనీదైతే మంచిది, చర్మం, బోల్టులు తేలిగ్గా దొరుకుతాయి, రేపు అమ్మాలన్నా అడిగేవాళ్ళుంటారు. నిజం చెప్పాలంటే ఆర్థికంగా నాకు నచ్చిన పాయింటు ఇదే, మంచి సెకండ్ హ్యాండ్ డ్రమ్ము ధర అప్పటికే పడిపోయి ఉంటుంది, జాగ్రత్తగా వాడుకుంటే ఇంకా పెద్దగా పడదు.

కొనే ముందు కొత్త డ్రమ్ములు కూడా రెండు మూడు షాపుల్లో వాయించి చూడండి, ఏమీ కొనకుండా రావడానికి మొహమాటపడకండి. వారం మధ్యలో పొద్దున్నే వెళ్తే షాపు ఖాళీగా ఉంటుంది, శబ్దం వినబడుతుంది. షాపుల్లో డ్రమ్ములు చాలావరకు వదులుగానే ఉంచుతారు, అలా వాయిస్తే ఎంత మంచిదైనా మొద్దుగా పలుకుతుంది, బిగించమని అడగండి. అడుగు నేలకి ఆనించి వాయిస్తే బాస్ లోపలే ఉండిపోతుంది, కొద్దిగా వంచి పట్టుకుని వాయించండి. చెక్క, ఫైబర్ తేడా మీ చెవికే వదిలేస్తా, చెక్క గొంతు వెచ్చగా ఉంటుంది, ఫైబర్ గట్టిగా దూరం వెళ్తుంది, తేమకి కూడా తక్కువ లొంగుతుంది.

అపార్ట్‌మెంట్ అయితే దాని ఖర్చు కూడా ఇప్పుడే వెయ్యండి. చర్మం మీద మందపాటి తువ్వాలు, అడుగున రబ్బరు మ్యాటు, ఇవి చిన్నవే. పదికిలోల పైన బరువు, క్లాసుకి మోసుకెళ్ళాల్సి వస్తే బ్యాగు, ట్యాక్సీ, అవి నెలనెలా తగిలే ఖర్చులు. క్లాసులో డ్రమ్ము ఉంటే ఇంటిది ఇంట్లోనే ఉంచండి.

మీ అక్కకి మాత్రం ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. ఆవిడ కాంగా వద్దు అంటోందా అప్పు వద్దు అంటోందా అన్నది మీ ఉత్తరంలో నాకు తెలియలేదు, అప్పు గురించే అయితే ఆవిడ చెప్పింది నిజమే, ఆ భయం ఈ కాగితంతో తీరిపోవచ్చు. కార్డు బాకీ సున్నా అయిన నెల స్టేట్‌మెంట్ కూడా ఆవిడకి చూపించండి, డ్రమ్ము చూడ్డానికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకెళ్ళండి కూడా, బేరం ఇద్దరుంటేనే బాగా కుదురుతుంది.

ఇంకోటి, తోలు చర్మం ఉన్నది తీస్కుంటే వాయించడం అయ్యాక బోల్టులన్నీ సమానంగా కాస్త వదులు చేసి పెట్టండి, మొదటి రోజు రాత్రి నించే.