జపిన్‌లో ఏ జకారం?

సందేహం: మలేసియాలోని జొహోర్ బారులో ఉంటున్నాం. ఇక్కడి మలయ్ జానపద నృత్యం గురించి మా తెలుగు సంఘం సంచికకు వ్యాసం రాస్తున్నాను. దాని పేరు ‘జపిన్’ అని రాయాలా, ‘జాఫిన్’ అనా? జపిన్ అంటే జపం గుర్తొస్తోందని ఒకరన్నారు. పోయినసారి అచ్చులో దాన్ని ‘మలయాళ నృత్యం’ చేసేశారు.
– ఒక పాఠకురాలు

సమాధానం: మలయ్ వేరు, మలయాళం వేరు. కేరళను జొహోర్‌కు తరలించే అధికారం ప్రూఫులు దిద్దేవారికి ఎవరిచ్చారో!

ఇక జపిన్. దీని మూలం అరబ్బీ ‘జఫ్న్’. అడుగులు వేస్తూ ఆడడమని అర్థం. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వలస వచ్చిన వర్తకులు, మతగురువులు మలయ్ రేవులకు తెచ్చిన ఆట ఇది. జొహోర్‌లోనూ, ఇండోనేసియాలోని రియావ్, సియాక్‌లలోనూ వేళ్లూనింది. మొదట్లో మగవాళ్లే ఆడేవారు. నాటకాలు, సినిమాల కాలంలో ఆడవాళ్లూ చేరారు. యెమెనీల తీగవాద్యం ఖన్బూస్ అక్కడ గంబూస్ అయింది. దాన్ని పనసచెక్కతో తొలుస్తారు. ముందు గంబూస్ ఒక్కటే ‘తక్సీం’ పలికిస్తుంది, అంటే మన ఆలాపనే అనుకోండి. ఆ తర్వాత మర్వాస్ అనే చిన్న డోళ్లు అందుకుంటాయి.

మలయ్ నోట ఫకారం తరచు పకారమవుతుంది. ఫికిర్‌ను పికిర్ అనేస్తారు. మన పెద్దలూ ఫకీరును పకీరు అన్నవాళ్లే. ఫలాన్ని కూడా కింది పెదవి కొరికి పలికే ఈ రోజుల్లో మీకు జాఫిన్ ముద్దొచ్చిందంటే ఆశ్చర్యం లేదు. అది మాత్రం వద్దు.

అసలు సంగతి జకారంలో ఉంది. అరబ్బీ, మలయ్‌లలోని ఈ ధ్వనికి నాలుక పళ్లకు తాకిస్తూ పలికే మన దంత్య జకారం దగ్గరి చుట్టం. చిన్నయసూరి లెక్కలో తెలుగు మాటల్లో అ, ఉ, ఒలతో చేరిన జకారం దంత్యం. ఇ, ఎలతో చేరితే తాలవ్యం, అంటే అంగిట పలికేది. ౙడ, ౙొన్న, ౙోల ఒక పక్క, జిగి, జెముడు మరో పక్క. జపం సంస్కృతం కనుక తాలవ్యమే. రెండింటికీ ఒకే అక్షరం వాడుతున్నాం కాబట్టి మీ మిత్రులు తికమకపడ్డారు. పాత పుస్తకాల్లో దంత్యమైతే అక్షరం నెత్తిన ౨ లాంటి గుర్తు వేసేవారు. 2008లో యూనికోడ్‌లో ‘ౙ’కు చోటు దొరికినా, ఫోనులో దాన్ని వెతికే ఓపిక ఎవరికుంది? జడను ‘జ్యడ’ అనే టీవీ వ్యాఖ్యాతలకు ఆ తేడా ఉందనే తెలియదు.

ఒక విచిత్రం చూడండి. ఇదే ఆటను బ్రూనైలో జిపిన్ అంటారు, పశ్చిమ కలిమంతాన్‌లో జెపిన్ అంటారు. పక్కన ఇ, ఎలు చేరేసరికి అక్కడా తాలవ్యమే! సూరిగారు ఆ రెండూ ఉన్న బోర్నియో దీవికి వెళ్లిన దాఖలా లేదు కనుక కాకతాళీయమనే అందాం.

మీరు ‘ౙపిన్’ అని రాయండి. అచ్చువారి దగ్గర ఆ అక్షరం లేకపోతే జపిన్ చాలు. మలయ్ పలుకులో దీర్ఘం లేదు గాని, జాపిన్ అన్నా తగవు పెట్టుకోను. ‘జానపద’ విషయంలో మాత్రం కాస్త ఆలోచించండి. ఆ ఆట పల్లెల్లోనే కాదు, సుల్తానుల కొలువుల్లోనూ సాగింది.