బొగ్గు ఉన్నప్పుడే మొదలుపెట్టు, బిడ్డా

బిడ్డా,

నువ్వు హైదరాబాద్ ఉద్యోగం మానేసి మన కొత్తగూడెం బొగ్గు బెల్టుకి కొత్త ఉపాధి ప్రణాళిక రాసే బృందంలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. వాడి గొంతులో ఎంత గర్వం ఉందో నాకూ అంతే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పరిశ్రమల దరఖాస్తులు చూసే సీట్లోనే నా సర్వీసంతా గడిచింది. ఇలాంటి ప్రణాళికలు ఎలా వచ్చాయో, ఎలా పోయాయో కళ్లారా చూశాను. ఫోన్‌లో చెబితే "సరే అత్తా" అని పెట్టేస్తావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మామూలు పనులు నీకు తెలుసు. కరెంటు, నీళ్లు, రోడ్డు, రైల్వే సైడింగ్ ఎక్కడెక్కడ ఉన్నాయో మ్యాపు వేసుకో. బ్యాంకు మేనేజర్లను కలువు. పీఎంఈజీపీ అనే కేంద్ర స్వయం ఉపాధి పథకం కింద తయారీ యూనిట్‌కి 50 లక్షల ప్రాజెక్టు దాకా సబ్సిడీ దొరుకుతుంది, ఎంతమంది అడిగారో, ఎంతమందికి వచ్చిందో లెక్క తెప్పించు. ఏజెన్సీ మండలాల్లో 1/70 చట్టం ఉంది, అక్కడ భూమి గిరిజనేతరుల చేతికి మారదు. ఆ మండలాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మొత్తం చదువు, ఎవరో రాసిన సారాంశం కాదు. షెడ్డు ఎక్కడ అనే మాటకంటే ముందు ఇది తేలాలి. ఆ భూమి గిరిజనులది. వాళ్లే యజమానులుగా ఉండే యూనిట్లు ఆలోచించు, వాళ్లను కూలీలుగా మాత్రమే లెక్కేసే ప్రణాళిక నీ చేతి మీదుగా రాకూడదు.

నా అసలు భయం కాలం గురించి. ఇల్లందు దగ్గర బొగ్గు ఉందని 1871లో కనుక్కున్నారు. అప్పటి నుంచి ఈ నేలంతా ఒక్క పని మీదే బతికింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష దాటి కార్మికులుండేవాళ్లు. ఇప్పుడు 40 వేల చుట్టుపక్కల ఉన్నారు. దీంట్లో నువ్వు గమనించాల్సింది ఏమిటంటే, బొగ్గు తగ్గి మనుషులు తగ్గలేదు. భూగర్భ బావులు, అంటే లోపలికి దిగి తవ్వే గనులు పోయి, పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టులు వచ్చాయి, తట్టా చెమ్మాస్ (పార) పట్టిన చేతుల చోటికి డంపర్లు, షావెళ్లు వచ్చాయి. బొగ్గు తీయడం ఏమీ ఆగలేదు, ఊరు మాత్రం ఖాళీ అవుతూ వచ్చింది. బెల్లంపల్లి వాళ్లను అడుగు, చెప్తారు. అందుకే "ఇంకా ఇన్నేళ్లకు సరిపడా నిల్వలున్నాయి" అని ఎవరైనా ధైర్యం చెప్తే వినకు. నిల్వలు ఎన్నేళ్లన్నది వేరు, జీతాలు ఎన్నేళ్లన్నది వేరు.

జర్మనీలో రూర్ అనే బొగ్గు ప్రాంతం గురించి చదివే ఉంటావు. 1950ల చివర్లోనే అక్కడ బొగ్గుకి గిరాకీ పడిపోయింది. బోఖుమ్ ఊళ్లో 1965లో విశ్వవిద్యాలయం తెరిచారు, చివరి గని మూసింది 2018లో. అంటే చదువు మీద పెట్టుబడి పెట్టాక కూడా వాళ్లకు యాభై ఏళ్లకు పైగా టైమ్ దొరికింది, మధ్యలో దెబ్బలు తగిలినా తట్టుకున్నారు. మనకు అంత టైమ్ ఎవరూ ఇవ్వరు. అందుకని నీ రిపోర్టు మొదటి పేజీలో నినాదాలు, ఫొటోలు వద్దు. ఏ బావి ఏ సంవత్సరం మూతపడుతుంది, ఏ ఏడాది ఎంతమంది రిటైరవుతారు, వాళ్ల జీతం ఏ బజారులో ఖర్చవుతోంది, ఇదొక పట్టికగా పెట్టు. కిరాణా కొట్టువాళ్లు ఉద్దెర ఇచ్చేది జీతాల తేదీ చూసుకునే. దసరాకి లాభాల వాటా ఎంత పడుతుందో బంగారం కొట్టువాళ్లకు యూనియన్ లీడర్లతో సమానంగా తెలుసు. ఆ డబ్బు తగ్గితే ముందు ఎవరు మునుగుతారో ఆ పట్టికే చెప్తుంది.

ఇప్పుడొక పాత సంగతి చెప్తాను, ఓపిగ్గా చదువు. ఊరి పేరు రాయను. బావులు మూతపడే దశకు వచ్చిన ఊరది. ఒక పెద్ద కంపెనీ వస్తుందన్నారు. వేలల్లో ఉద్యోగాలన్నారు. శంకుస్థాపన అయింది, శిలాఫలకం వేశారు. జనం నమ్మారు. నమ్మక ఏం చేస్తారు? రిటైరైన డబ్బులతో ఇంటి మీద రెండు గదులు వేశారు, వచ్చే ఉద్యోగస్తులకి అద్దెకివ్వడానికి. ఒక్కో గదికి వేరే మీటర్ పెట్టించుకున్నారు. చాలా కాలం తర్వాత ఒక ఇంటికి వెళ్తే, ఆ ఇల్లాలు పైకి తీసుకెళ్లి చూపించింది. స్విచ్‌బోర్డుల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. గచ్చు మీద ఎవరూ నడవని మెరుపు. కంపెనీ రాలేదు. మార్కెట్ బాగాలేదని ఒకసారి, రాయితీలు చాలవని ఒకసారి, ఆ తర్వాత ఉత్తరాలకు జవాబే లేదు.

ఇంతవరకు అందరూ చెప్పుకునే కథే. కంపెనీ మోసం చేసిందని తిట్టుకుని ఊరుకున్నారు. కానీ ఫైళ్లు చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను, అసలు నష్టం అక్కడ జరగలేదు. ఆ కంపెనీ కోసం ఎదురుచూసిన రోజుల్లో మా పైవాళ్లు చిన్న దరఖాస్తులన్నీ పక్కన పెట్టించారు. "పెద్దది వస్తోంది, ప్లాట్లు దానికి కావాలి, త్రీఫేజ్ లైను దాని లోడు తేలాక చూద్దాం" అనే మాట ప్రతి ఫైలు మీదా ఉండేది. ఒక మోటార్ రివైండింగ్ అతను ఉండేవాడు. బావిలో పంపుల దగ్గర పనిచేసి, కాలిన మోటారు వాసన చూసి ఏ వైండింగ్ పోయిందో చెప్పగలిగేవాడు. అడిగింది ఒక చిన్న ప్లాటు, ఒక త్రీఫేజ్ కనెక్షన్. వచ్చిన ప్రతిసారీ కాగితాలు మడతపెట్టి జేబులో పెట్టుకుని, నమస్తే పెట్టి వెళ్లిపోయేవాడు. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. చివరికి విజయవాడ ఆటోనగర్ వెళ్లి షాపు పెట్టుకున్నాడు. మన పిల్లలే పోయి అతని దగ్గర పనిలో చేరారు. అలాంటివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయాక, కంపెనీ రాదని తేలాక, మొదలుపెట్టడానికి ఊళ్లో ఎవరూ మిగల్లేదు.

కాబట్టి పెద్ద పెట్టుబడిని రావద్దనకు, కానీ దాని కోసం ఎవరినీ ఆగమనకు. నీ ప్రణాళికలో ఒక షరతు రాయించు: పెద్ద ప్లాంటుకి భూమి కేటాయిస్తే గడువు ఉండాలి, గడువులోగా పని మొదలు కాకపోతే ఆ భూమి వెనక్కి రావాలి, ఎవరినీ బతిమాలే అవసరం లేకుండా. చిన్న యూనిట్ల ప్లాట్లు, కరెంటు కోటా విడిగా ఉండాలి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఈ రెండూ సాధిస్తే చాలు, మిగతా అధ్యాయాలు ఎవరు ఎలా మార్చినా నేను పట్టించుకోను.

పెద్ద ప్లాంటు వచ్చాక కూడా భరోసా లేదని మనకు తెలుసు కదా. రామగుండం ఎరువుల కర్మాగారం 1999లో మూతపడింది, గ్యాస్‌తో మళ్లీ నడిచేసరికి 2021. కమలాపురం కలప గుజ్జు ఫ్యాక్టరీ 2014లో ఆగిపోయింది. అదే ఏడాది ఆగిన సిర్పూర్ పేపర్ మిల్లు నాలుగేళ్లకు 2018లో తెరుచుకుంది. తెరిచారని సంతోషమే. కానీ ఆ మధ్య కాలంలో ఒక పదో తరగతి పిల్లవాడికి ఏమవుతుందో ఆలోచించు.

డబ్బు దగ్గరికి వద్దాం. బొగ్గు ధర మీద ప్రభుత్వానికి కట్టే రాయల్టీ 14 శాతం. 2015కి ముందు నుంచి ఉన్న లీజులైతే ఆ రాయల్టీలో 30 శాతం గనుల ప్రభావం పడ్డ ఊళ్ల కోసం పెట్టిన జిల్లా ఖనిజ ఫౌండేషన్ నిధికి అదనంగా కట్టాలి. అంటే 100 రూపాయల బొగ్గుకి 4 రూపాయల 20 పైసలు. చిన్నదిగా కనిపిస్తుంది గానీ టన్నుల లెక్కన చూస్తే ఏ పరిశ్రమల స్కీమూ ఇవ్వనంత. ఇందులో కనీసం 60 శాతం తాగునీరు, వైద్యం, చదువు, నైపుణ్యాల లాంటి వాటికే వాడాలని 2015 నాటి మార్గదర్శకాలు చెప్పాయి, తర్వాత వచ్చిన మార్పులు కూడా దగ్గర పెట్టుకో. మీటింగుల్లో అందరూ సీసీ రోడ్డు, ప్రహరీ గోడ అడుగుతారు, ఎందుకంటే అవి కళ్లకు కనిపిస్తాయి. నువ్వు గట్టిగా ఉండు. బావి ఆగిన రోజు ఈ నిధి కూడా ఆగుతుంది. బొగ్గు డబ్బుతో బొగ్గు తర్వాతి పని మొదలుపెట్టకపోతే, తర్వాత పెట్టడానికి డబ్బే ఉండదు.

ఏ పని అంటావా? బయటి నుంచి పట్టుకొచ్చే ముందు మనవాళ్ల చేతుల్లో ఏముందో చూడు. ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, కన్వేయర్ బెల్టు అతికేవాళ్లు, హైడ్రాలిక్ పైపులు మార్చేవాళ్లు. అదే జిల్లాలో అశ్వారావుపేట, అప్పారావుపేటల్లో పామాయిల్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. గెల కోశాక ఎక్కువసేపు ఆగితే నూనె నాణ్యత పడిపోతుంది, కాబట్టి మిల్లు తోటలకు దగ్గర్లోనే ఉండాలి, ఎవరూ దూరం ఎత్తుకుపోలేరు. ఆ మిల్లుకి బాయిలర్ ఉంటుంది, కన్వేయర్ ఉంటుంది, మోటార్లు ఉంటాయి. రిపేరు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కో. కొత్తగూడెంలో రిటైరైన ఫిట్టర్ తన కొడుకుతో కలిసి ఆ పని చేయలేడా? ఇలా రెండు రంగాల్లో చెల్లే పనుల జాబితా తయారుచెయ్యి. సోలార్ ప్లాంట్లు పెట్టమంటారు, పెట్టాల్సిందే, కానీ కట్టేటప్పుడు ఉన్న పని కట్టాక ఉండదు. ఎవరైనా ఉద్యోగాల సంఖ్య చెప్తే, అందులో మూడో ఏడాది కూడా ఉండేవి ఎన్ని అని అడుగు. "పరోక్షంగా" అని మొదలుపెట్టిన అంకెను పక్కన రాసుకో, కూడకు.

ఆడవాళ్ల సంగతి మరిచిపోతే నేను ఒప్పుకోను. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి రానివ్వలేదు, 2019లో గానీ టెక్నికల్, సూపర్‌వైజరీ పనులకు దారి తెరవలేదు. అందుకే ఈ బెల్టులో ఇంటికి ఒక్క జీతమే వచ్చేది, అదీ మగవాడిది. ఆ ఒక్కటి పోయిన ఇళ్లు నేను చూశాను. ప్రణాళికల్లో చివర్లో "మహిళలకు కుట్టు శిక్షణ" అని ఒక పేరా పెడతారు. ఆ పేరా రాయకు. ల్యాబ్ టెక్నీషియన్, మోటార్ రివైండింగ్, అకౌంట్లు, లాజిస్టిక్స్, ప్రతి శిక్షణలో ఆడపిల్లల సీట్లు రాయి, బస్సు టైమింగ్‌తో సహా రాయి. సాయంత్రం బస్సు లేక కోర్సులు మానేసిన పిల్లలు చాలామంది.

ఇంకొకటుంది, రాయాలా వద్దా అనుకున్నాను. మీ చిన్నాన్న సంగతి. బావి పని వారసత్వంగా వస్తుందని మన ఇంట్లో అందరం అనుకున్నాం. వాడు డిప్లొమా వదిలేశాడు, బయట వచ్చిన పనికి వెళ్లలేదు, "ఇవాళో రేపో" అని వయసు దాటిపోయేదాకా ఎదురుచూశాడు. ఎవరూ వాడికి రాదని చెప్పలేదు, వస్తుందనీ చెప్పలేదు. ఆ అటూఇటూ కాని టెన్షన్‌లోనే మనిషి సగం అయిపోయాడు. నీకు చిన్నప్పుడు సైకిల్ నేర్పింది వాడే, నువ్వు పడ్డప్పుడల్లా నీకంటే ముందు వాడి కళ్లల్లో నీళ్లొచ్చేవి. ఇప్పుడు ఇంకో ఊళ్లో ఇంకో పిల్లవాడు అలాగే కూర్చుని ఉన్నాడు. నువ్వు రాసే కాగితంలో ఏది ఖాయం, ఏది ఆశ మాత్రమే అన్నది విడివిడిగా, తెలుగులో, గ్రామసభలో చదివి వినిపించేలా రాయి. ఉన్నదున్నట్టు చెబితే జనం కోపగించుకుంటారేమో, కానీ వాళ్ల పిల్లల్ని వేరే దారిలో పెట్టుకోవడానికి టైమ్ దొరుకుతుంది.

మీటింగుల్లో నిన్ను చిన్నపిల్ల అని తీసిపారేస్తారు. అననివ్వు. నువ్వు ముందు బావి దగ్గర షిఫ్టు మారే టైమ్‌కి టీ కొట్లో కూర్చో, ఆఫీసుకి తర్వాత వెళ్లు. వేళకి తిను, ఎండలో ఓబీ కుప్పల (బొగ్గు మీద నుంచి తీసి పోసిన మట్టి) చుట్టూ తిరగకు, దుమ్ముకి నీకు ఆయాసం వస్తుందని నాకు తెలుసు, ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టుకో. బావుల మూత తేదీల పట్టిక సగం అయినా సరే ముందు నాకు పంపు. పాత బావుల్లో పనిచేసినవాళ్లు ఇప్పుడెక్కడ ఉంటున్నారో నాకు తెలుసు, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి సరిచూస్తాను.

నీ మేనత్త