స్కోప్ రిజిస్టర్‌లో పాత పేజీలు నింపొచ్చా?

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు ఆసుపత్రి ఎండోస్కోపీ గదిలో స్టాఫ్ నర్సుని. రోజుకి ఇరవై పైనే కేసులు, మేం ఇద్దరమే. స్కోప్‌లు (కడుపు, పేగుల్లోకి పంపి చూసే కెమెరా గొట్టాలు) కడిగి, క్రిముల్ని చంపే గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో నానబెట్టిన వివరాలు ఎప్పటికప్పుడు రాసే తీరిక లేక డ్యూటీ దిగే ముందు ఒకేసారి రాసేస్తున్నాం. వచ్చే నెల తనిఖీ ఉంది, ఖాళీగా ఉన్న పాత పేజీలు కూడా నింపమంటున్నారు ఇన్‌చార్జి సిస్టర్. పని నిజంగానే చేస్తున్నాం కదా, రాస్తే తప్పేముంది?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: తప్పేనమ్మా. మీరు పని ఎగ్గొడుతున్నారని నేననను, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుగా నేనూ అలాంటి గదుల్లో తిరిగినదాన్నే. ఒకరోజు పొద్దున మేం ద్రావణంలో దాని బలం చూసే స్ట్రిప్ ముంచితే రంగు సరిగ్గా మారలేదు, అంటే మందు బలం తగ్గిపోయింది. ఎప్పట్నుంచి? ఆ స్కోప్‌లు ఎవరెవరికి వాడారు? రిజిస్టర్ తీస్తే పేజీ నిండా "20 నిమిషాలు, 20 నిమిషాలు" అని ఒకే చేతిరాత, కింద సంతకం. పేషెంటు నంబర్ లేదు, స్కోప్ నంబర్ లేదు. ఎవరిని పిలిపించి రక్తపరీక్షలు చేయించాలో తెలియక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

2015లో లాస్ ఏంజలిస్‌లోని యూసీఎల్ఏ ఆసుపత్రిలో డ్యూడెనోస్కోప్‌ల (చిన్నపేగు మొదటి భాగం దాకా పంపే స్కోప్‌ల) ద్వారా మందులకు లొంగని బ్యాక్టీరియా పాకింది. తయారీదారు చెప్పినట్టే శుభ్రం చేసినా అలా జరిగింది. అప్పుడు వాళ్లు 179 మందికి కబురు పంపి పరీక్షలకు రమ్మన్నారు. ఏ స్కోప్ ఎవరికి వాడారో తెలియకపోతే అది అయ్యే పనేనా?

అందుకే ఒక్కో వాడకానికి ఒక్కో వరుస ఉండాలి: స్కోప్ నంబర్, పేషెంటు నంబర్, ద్రావణంలో వేసిన టైము, తీసిన టైము, చేసినవాళ్ల పేరు. "20 నిమిషాలు" అని కాదు, 10.40కి వేశాం, 11.02కి తీశాం అని. రిజిస్టర్, పెన్ను, గోడగడియారం మూడూ సింకు దగ్గరే పెట్టించుకోండి, కౌంటర్ దగ్గరుంటే ఎవరూ అక్కడిదాకా వెళ్లి రాయరు.

రెండు శాతం గ్లుటరాల్డిహైడ్ కలిపాక 14 రోజులు పనిచేస్తుందని డబ్బా మీద ఉంటే చాలామంది దాన్నే గ్యారంటీ అనుకుంటారు. కడిగిన స్కోప్‌తో పాటు నీళ్లు కూడా వెళ్తూ ఉంటాయి కాబట్టి ఎక్కువ కేసులున్న చోట అది ముందే పలచబడిపోవచ్చు. రోజూ మొదటి కేసుకి ముందే స్ట్రిప్ చూడండి, ఫెయిలైతే ఫెయిలైందనే రాయండి, పారబోసి కొత్తది కలిపిన టైము కూడా వేయండి. ఏడాది పొడవునా ఒక్క ఫెయిల్ కూడా లేని రిజిస్టర్ చూస్తే నాకు భయమే వేస్తుంది.

చాలా రిజిస్టర్లలో అసలు కనిపించనిది బ్రష్‌తో కడిగిన గడి. లోపల రక్తం, జిగురు మిగిలి ఉండగానే నానబెడితే గ్లుటరాల్డిహైడ్ ఆ ప్రొటీన్లను గట్టిపరిచి అక్కడే అంటించేస్తుంది. ఎంజైమ్ ద్రావణంతో కడిగారా, గొట్టాల్లో బ్రష్ తిప్పారా అన్నదానికీ ఒక గడి పెట్టించండి.

ఇక పాత పేజీలు. నింపకండి. "ఈ రోజు నమోదు చేయలేదు" అని ఇవాళ్టి తేదీతో రాసి సంతకం పెట్టండి. ఇన్‌చార్జి సిస్టర్‌కి కోపం వస్తే ఇంకో మాట చెప్పండి: 11.02కి బయటికొచ్చిన స్కోప్‌తో 11.05కి కేసు మొదలైందని మీరు నిజంగా రాసి చూపిస్తే, కడిగి ఆరబెట్టే టైమే మీకు దొరకడం లేదని ఎవరికైనా అర్థమవుతుంది. మూడో మనిషినో ఇంకో స్కోప్‌నో మేనేజ్‌మెంట్‌ని అడగడానికి ఆ పేజీలే తీసుకెళ్లండి.