ఊరి శాసనానికి రంగు వేయకండి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మాస్టారూ, మాది శ్రీకాకుళం జిల్లా జలుమూరు మండలంలో ఒక పల్లె. శివాలయం జీర్ణోద్ధరణ చేస్తుంటే మండపం మెట్ల కింద అక్షరాలున్న రాయి బయటపడింది. ఫొటో తీసి ఏఐ యాప్‌లో పెడితే ‘1078లో అనంతవర్మ చోడగంగదేవుడు ఈ గుడికి భూమి ఇచ్చాడు’ అని చెప్పింది. వాట్సాప్ గ్రూపులో పెట్టాను, ఊరంతా సంబరంగా ఉంది. అక్షరాలు బాగా కనబడాలని కమిటీవాళ్లు తెల్ల ఎనామిల్ పెయింట్ వేయిద్దామంటున్నారు. ఏం చేయమంటారు? ఇలాంటివి చదవడం నేను నేర్చుకోగలనా?
(ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: ముందు ఆ పెయింట్ ఆపించు నాయనా. మిగతావన్నీ తర్వాత. బ్రష్ పట్టుకున్న మనిషి తనకు కనబడిన గీతనే దిద్దుతాడు. అరిగిన పకారాన్ని వకారంగా దిద్దితే రేపటి నుంచి అందరూ వకారమే చదువుతారు. పైగా పెయింట్ గాడిలో నిండిపోతే, శాసన పరిశోధకులు తడి కాగితం అద్ది, సిరా పూసి తీసే అచ్చు సరిగ్గా పడదు. తర్వాత యాసిడ్‌తో కడిగిస్తారు. మన తూర్పు కనుమల్లో దొరికే ఖొండలైటు రాయి అసలే గాలికీ వానకీ పొరలుగా రాలుతుంది. అది యాసిడ్‌కి ఆగుతుందా? రంగుతో పాటు అక్షరమూ పోతుంది. అలా బోసిపోయిన రాళ్లను మన జిల్లాలోనే చూశాను, ఇప్పటికీ మనసు ఒప్పుకోదు. కమిటీ పెద్దలకు గౌరవంగానే చెప్పు. రాయి పక్కన ఒక బోర్డు పెట్టి, శాసనంలో ఏముందో పెద్ద అక్షరాలతో రాయించమను. వాళ్ల కోరికా తీరుతుంది, రాయీ మిగులుతుంది.

ఇక యాప్ మాట. 1078 గంగవంశపు రాజు చోడగంగుడు పట్టానికి వచ్చిన ఏడాది. 1147 దాకా ఏలాడు. మీ మండలంలోని ముఖలింగం చుట్టుపక్కల శాసనం అనగానే ఎవరికైనా మొదట తట్టే పేరు అదే, మొదట తట్టే తేదీ అదే. అందుకే నాకు అనుమానం. ఊరి పేరు చెప్పకుండా అదే ఫొటో మళ్లీ ఇచ్చి చూడు. ఏ పంక్తిలో ఏ అక్షరాలున్నాయో వరసగా రాయమను. ఆ రాసినదాన్ని రాయి మీద వేలు పెట్టి సరిచూసుకో. అక్షరాలు చూపించలేని చదువు చదువు కాదు, ఊహ. అంతవరకూ గ్రూపులో ‘ఇంకా నిర్ధారణ కాలేదు’ అని ఒక మాట పెట్టు, పత్రికలవాళ్లకు ఇవ్వకు.

మన శాసనాల్లో క్రీస్తుశకం ఉండదు. ఎక్కువగా శక సంవత్సరం, దానికి 78 కలుపుకోవాలి. శ్రీకూర్మంలో నరహరితీర్థుల శాసనం శకం 1203, అంటే 1281. చాలాచోట్ల సంవత్సరాన్ని అంకెల్లో కాకుండా మాటల్లో చెబుతారు. తొలి గంగరాజుల రాగిరేకుల్లో గాంగశకమని వేరే లెక్క. లిపీ ఒక్కటే అనుకోకు. ఒకే రాగిరేకులో నాగరి అక్షరాలూ తెలుగు-కన్నడ అక్షరాలూ కలగలిసి కనిపిస్తాయి. యాప్‌లు తడబడేది ఇక్కడే.

ఫొటోలు మళ్లీ తియ్యి. రాయిని నీళ్లు పోసి రుద్దొద్దు, సుద్ద, పసుపు, పిండి ఏదీ పూయొద్దు. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. చీకటి పడ్డాక ఫోన్‌ను స్టాండు మీద కదలకుండా పెట్టి, టార్చిని రాతికి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు వెయ్యి. ఒకసారి ఎడమనుంచి, ఒకసారి కుడినుంచి, పైనుంచి, కిందనుంచి. పగలు మొద్దుగా కనబడిన గీత నీడ పడి లేచి నిలబడుతుంది. పక్కన స్కూలు స్కేలు పెట్టు. రాయి వీపు, అంచులు కూడా తియ్యి, రాత పక్కకు తిరిగి ఉండొచ్చు. చుట్టూ తిరుగుతూ ఒక ఫొటోలో ఉన్నది సగానికి పైగా తర్వాతి ఫొటోలోనూ వచ్చేలా తీస్తే, వాటితో కంప్యూటర్‌లో రాతి త్రీడీ రూపం కట్టొచ్చు.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోతుంది, ఫొటోలో దాగిన లొకేషన్ వివరమూ పోతుంది. డాక్యుమెంటుగా పంపు. అన్నిటికంటే ముఖ్యం, ఒక కాగితం మీద రాసిపెట్టు: ఏ మెట్టు కింద, అక్షరాలు పైకున్నాయా కిందికా, ఎవరు ముందు చూశారు, ఏ తేదీ. ఎక్కడ దొరికిందో తెలియని శాసనం ఊరూ పేరూ లేని ఉత్తరం లాంటిది. రాయిని కదపనివ్వకు. తహసీల్దారుకూ రాష్ట్ర పురావస్తు శాఖకూ రాసి, మైసూరులోని కేంద్ర పురావస్తు సర్వేక్షణ శాసన విభాగానికి ఫొటోలు పంపు.

ఈ శాసనం ఇదివరకే అచ్చయి ఉండొచ్చు కూడా. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు ‘సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్’ ఐదో సంపుటంలో ఉన్నాయి. స్కాన్ ప్రతి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. వెతికేటప్పుడు శ్రీకాకుళం జిల్లా అని కొట్టి, లేదని వదిలేయకు. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా మీ వైపు ఊళ్లు గంజాం జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత విశాఖపట్నం జిల్లా, 1950లో గానీ శ్రీకాకుళం జిల్లా రాలేదు. పాత పుస్తకాల్లో ‘గంజాం’, ‘చికాకోల్’ (శ్రీకాకుళానికి ఇంగ్లీషువాళ్ల పేరు), ‘పర్లాకిమిడి’ అని వెతుకు.

నేర్చుకోగలవా అన్నావు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ గిడుగు రామమూర్తి గారు ముఖలింగం గుడి రాతలు సొంతంగా చదవడం నేర్చుకున్నారు. 1919లో శాలిహుండం బౌద్ధ క్షేత్రాన్ని వెలుగులోకి తెచ్చిందీ ఆయనే. ఆ ఐదో సంపుటంలోని పాఠం ఫోన్‌లో పెట్టుకుని ముఖలింగంలోని మధుకేశ్వరాలయానికి వెళ్లు. అచ్చులో ఉన్నదాన్ని గోడ మీద అక్షరానికి అక్షరం పోల్చుకో. కొన్నాళ్లకు అచ్చు చూడకుండానే చదువుతావు. అప్పుడు మీ ఊరి రాయిని నువ్వే చదివి నాకు రాయి.

ప్రశ్న: మాది విజయనగరం. అత్తగారింటి అటక మీద తాటాకుల కట్టలున్నాయి. ఎవరో ఫోన్ చేసి కొంటామంటున్నారు. మా అమ్మాయి స్కాన్ చేసేస్తే చాలంటుంది. ఏం చేయాలండీ?
(ఒక గృహిణి)

జవాబు: అమ్మకండమ్మా, ఆ ఫోన్ మనిషికి ఫొటోలు కూడా పంపకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం చరిత్ర, సాహిత్యం, శాస్త్రం పరంగా విలువైన 75 ఏళ్లు దాటిన రాతప్రతి పురావస్తువే. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం.

స్కానర్ కింద పెట్టి నొక్కితే ఎండిన ఆకు విరుగుతుంది. నల్లగుడ్డ మీద పరిచి, రెండు వైపులా ఫొటో తీయించండి. దారం విప్పేముందు వరస గుర్తుపెట్టుకోండి. కిరోసిన్, కొబ్బరినూనె పూయొద్దు. నిమ్మగడ్డి నూనె వాడతారు గానీ అది తెలిసినవాళ్ల చేత చేయించండి. రాతప్రతుల కోసం కేంద్రం 2025లో జ్ఞాన భారతం మిషన్ ప్రకటించింది, వాళ్లకు తెలియజేయండి. అందులో పురాణం లేదని, వట్టి ధాన్యం లెక్కలో మందుల చిట్టాలో ఉన్నాయని నిరాశపడకండి. నన్నడిగితే వాటికే ఎక్కువ విలువ. పురాణానికి ఇంకెక్కడైనా ప్రతి ఉంటుంది, మీ మామగారి తాతల పొలం పంట లెక్క ఇంకెక్కడా ఉండదు.

ప్రశ్న: కొండ మీద పాత విగ్రహాలు చూశాం. లొకేషన్‌తో సహా ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టొచ్చా?
(కొందరు ట్రెక్కింగ్ మిత్రులు, పార్వతీపురం వైపు)

జవాబు: వద్దు బాబూ. రామతీర్థం, శాలిహుండం లాంటి రక్షిత స్థలాల సంగతి వేరు, అవి అందరికీ తెలిసినవే. కాపలా లేని విగ్రహం లొకేషన్ దొంగకు దారి చూపినట్టే. కచ్చితమైన చోటు పురావస్తు శాఖకు మాత్రమే రాసివ్వండి, బయట మండలం పేరు చాలు. మట్టిలోంచి నాణేలో రాగిరేకులో బయటపడితే ఇంటికి తీసుకెళ్లొద్దు. 1878 నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలపాలి. మీరు తీసిన ఫొటోలు డిలీట్ చేయకండి. రేపు విగ్రహం పోతే, అది మనదేనని చూపించడానికి పోలీసులు అడిగేది వాటినే.