ఫోటోకు బట్టలు జేజి చీర నుంచి మొదలుపెట్టు

అమ్మీ,

సంక్రాంతికి అందరూ వస్తాండారని, గండికోటలో ఫోటో దిగుదామని, అందరికీ ఒకే మెరూన్ రంగు కుట్టించేదా అని అడిగినావు. కుట్టించొద్దు. ఆడ రాయీ ఎరుపే, కోటగోడా ఎరుపే. పొద్దు వాలేకొద్దీ ఆ ఎరుపు ఇంకా ముదురుతాది. దాని ముందర మెరూన్, ఇటుకరంగు, కాషాయం వేసుకుంటే మనుషులు రాయిలో కలిసిపోతారు. పైగా అందరిదీ ఒకే రంగైతే, దగ్గరదగ్గరగా నిలబడినప్పుడు ఎవరి భుజం యాడ అయిపోయిందో కూడా తెలియదు.

ముందు మీ జేజి ఏం కట్టుకుంటాదో అడుగు. స్టూడియో నడిపినన్ని నాళ్ళూ చూసినా, అందరూ పిల్లల గౌన్లు కొనేసి, ఆఖర్న ముసలోళ్ళను వాటికి సరిపెట్టాలని చూస్తారు. పిల్లలకు ఏ రంగైనా దొరుకుతాది. జేజికి అలవాటు లేని చీర కడితే ఫోటో అయ్యేదాకా కొంగు సర్దుకుంటానే ఉంటాది, ఆ ఇబ్బంది ముఖంలో కనపడుతుంది. పెట్టెలో ఉండే ఆ ఆకుపచ్చ ధర్మవరం పట్టు, మామిడిపండు రంగు పెద్దంచుది, ఆమెకు ఇష్టం. ఎర్రరాయి ముందు అది ఎత్తి చూపినట్టుంటాది.

అది ఖాయమైతే మిగతా రంగులు దానికి నప్పేవే తీసుకో. మీ అమ్మకు లేత పసుపు మాధవరం నేతచీర, మీ అక్కకు ముదురు నీలం, మగోళ్ళకు గంధం రంగు చొక్కాలు. పెద్ద జరీ అంచు జేజికొక్కతికే ఉండనీ. అందరూ జరీ కడితే చూపు ఎవరి మీదా నిలబడదు.

నువ్వు జంటరంగుల పట్టు కట్టాలనుకుంటే ఒకటి చూసుకో. దాంట్లో నిలువుదారం పడుగు ఒక రంగు, అడ్డదారం పేక ఒక రంగు. మడత తిరిగిన చోటల్లా రంగు మారుతాది. ట్యూబులైటు కింద చూసి తీర్మానించొద్దు. సాయంత్రం మిద్దె మీదికి తీసుకుపోయి, జేజి చీర పక్కన పరిచి, నాలుగడుగులు వెనక్కు జరిగి చూడు.

మీ నాయన తెల్లచొక్కా వదలడని నాకు తెలుసు. మనది చామనచాయ. ఎండలో ముఖానికి వెలుగు సరిచేస్తే తెల్లబట్ట మడత కూడా కనపడకుండా వెలిసిపోతాది, బట్టకు సరిచేస్తే ముఖం నల్లబడుతుంది. పంచె తెల్లదే కట్టుకోనీ, పైన మాత్రం కోరారంగు, అంటే చలువ చేయని నూలు రంగు చొక్కా వేయించు. నేను చెప్పినానని చెప్పు, కాదనడు. మీ బావకు సన్నగీతల చొక్కా, సన్నగళ్ళ చొక్కా రెండూ వద్దు. డిజిటల్ కెమెరాలో ఆ గీతల మీద లేని అలలు లేస్తాయి. చిలకపచ్చగా మెరిసే రంగులూ వద్దు, ఆ ఛాయ గడ్డం కింద పడి మనిషి జబ్బుగా కనపడతాడు.

కొత్తబట్టలను ఒకసారి ఉతికి ఇస్త్రీ చేయించు. ప్యాకెట్లోంచి తీసిన చొక్కా మడతగీతలు ఫోటోలో కొట్టొచ్చినట్టు కనపడతాయి. చిన్నదానికి గుచ్చుకునే జాలీ గౌను వద్దమ్మీ, దారిలోనే ఏడుపు మొదలుపెడతాది. పట్టుపావడా ఉంది కదా, లోపల మెత్తని నూలులంగా వేసి కట్టు. లోయ అంచున గాలి ఈడ్చి కొడుతుంది. అందరి పైటలకూ భుజం దగ్గర పిన్నీసు ఉండాల, జేజికి రెండు పెట్టు.

జేజి అద్దాలు ఎండకు నల్లబడే రకం. బయట నిలబెడితే కళ్ళే కనపడవు. పాత మామూలు అద్దాలు ఇంట్లో ఉంటాయి, తుడిచి వెంట పెట్టుకో. మగోళ్ళ జేబుల్లో ఫోన్లు, తాళాలు ముందే తీయించి ఒక సంచిలో వేయించు.

సంక్రాంతి నెలలో పొద్దు ఆరుకల్లా మునుగుతుంది. జమ్మలమడుగులోనే బట్టలు మార్చుకొని, నాలుగున్నరకంతా కోటలో ఉండండి. జేజిని మాత్రం ఆఖరి నిమిషం దాకా నీడలో కూర్చోబెట్టు.

మీ చిన్నాయన