మూసేసిన క్రెడిట్ కార్డు మీద బాకీ ఉందంటూ రికవరీ ఏజెంట్లు ఫోన్లు చేస్తున్నారు. ఎంతో కొంత కట్టేసి వదిలించుకోవచ్చా?

కట్టొద్దండి. ఆ బాకీ నిజంగా మీదేనని కాగితం మీద తేలేదాకా ఒక్క రూపాయి కూడా కట్టొద్దు. కార్డు మూసేయమని చెప్పి రెండేళ్లు దాటిందని, ఇప్పుడు ఎవరో ఫోన్ చేసి వేలల్లో బాకీ చెబుతున్నారని, మీ నాన్నగారిని కూడా వదలడం లేదని రాశారు. "సగం కట్టండి, ఫైల్ క్లోజ్ చేస్తాం" అంటుంటే కట్టేద్దామా అనిపిస్తోందన్నారు. నాకూ ఇలాగే జరిగింది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

కార్డు మూసేయమని నేను అడిగినప్పుడు బ్యాంకు నుంచి రిక్వెస్ట్ నంబరుతో మెసేజ్ వచ్చింది. కార్డు మాత్రం మూయలేదు. చాలాకాలం తర్వాత ఏజెన్సీ వాళ్ల ఫోన్లు మొదలయ్యాయి. పట్టుబట్టి స్టేట్‌మెంట్లన్నీ తెప్పించుకుని చూస్తే, నేను కొన్న వస్తువు ఒక్కటీ లేదు. మొదటి వరసలో వార్షిక రుసుము, దాని కింద జీఎస్టీ. తర్వాతి నెలలో లేట్ ఫీజు, దానికి జీఎస్టీ, మొత్తం మీద వడ్డీ, ఆ వడ్డీకి మళ్లీ జీఎస్టీ. ప్రతి నెలా ఇదే వరస. వాళ్లడిగే పెద్ద మొత్తమంతా ఆ ఒక్క రుసుము మీద పేరుకున్నదే. అందుకే మీరు మొదట అడగాల్సింది స్టేట్‌మెంట్లు. మొత్తం ఎంత అన్నది కాదు, అది దేనితో మొదలైందన్నది చూడాలి.

ఫోన్‌లో వాదించి లాభం లేదు. అవతలి మనిషి దగ్గర మీ పేరు, నంబరు, ఒక అంకె మాత్రమే ఉంటాయి. మీ వివాదం తేల్చే అధికారం అతనికి లేదు. "మేడమ్, లీగల్ టీమ్ మీ ఇంటికి బయల్దేరింది" అని నాతో అన్నప్పుడు, "మీ పేరు, ఏజెన్సీ పేరు చెప్పండి, బ్యాంకు ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ మెయిల్ చేయండి" అన్నాను. గొంతు పెంచాడు. నేను అదే మాట మళ్లీ చెప్పి ఫోన్ పెట్టేశాను. "కొంచెం టైమ్ ఇవ్వండి, కడతాను" అని మాత్రం నోరు జారకండి, మెసేజ్‌లో అసలే రాయకండి. అతను పంపిన లింకుకో, యూపీఐ నంబరుకో డబ్బు పంపకండి. ఓటీపీ, ఆధార్ వివరాలు చెప్పకండి. రికవరీ ఏజెంట్లమని చెప్పుకునే మోసగాళ్లూ ఉన్నారు.

కొంత కట్టడం ఎందుకు వద్దంటున్నానంటే, 1963 నాటి లిమిటేషన్ చట్టం ప్రకారం ఇలాంటి బాకీల కోసం కోర్టుకెళ్లడానికి మామూలుగా 3 ఏళ్లు గడువు. ఆ గడువు ముగియకముందే మీరు బాకీ ఉందని సంతకం చేసి ఇచ్చినా, కొంత కట్టి అది రాతలో ఉన్నా, 3 ఏళ్లు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టే వీలుంది. పైగా "సెటిల్‌మెంట్" కింద కడితే, మీ అప్పుల చరిత్ర చూపే క్రెడిట్ రిపోర్టులో "సెటిల్డ్" అని, అంటే బాకీ పూర్తిగా కట్టలేదని పడుతుంది. చెయ్యని బాకీకి ఆ మచ్చ మీకెందుకు?

అసలు పని బ్యాంకుతోనే. ఏజెన్సీకి కాకుండా బ్యాంకులో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ విభాగానికి మెయిల్ పెట్టండి. ఈ బాకీని నేను ఒప్పుకోవడం లేదు, ఫలానా తేదీన కార్డు మూసేయమన్నాను, రిక్వెస్ట్ నంబరు ఇది, మొదటి నుంచి స్టేట్‌మెంట్లు పంపండి, వివాదం తేలేదాకా రికవరీ ఆపండి అని రాసి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. ఇందులో రికవరీ ఆపండి అన్న మాట ముఖ్యం. ఖాతాదారు ఫిర్యాదు పెండింగులో ఉండగా ఆ కేసును రికవరీ ఏజెన్సీకి పంపకూడదని ఆర్‌బీఐ 2008 ఏప్రిల్‌లోనే బ్యాంకులకు చెప్పింది. ఊరికే పదేపదే ఫిర్యాదులు చేస్తున్నారని ఆధారాలతో తేలితే తప్ప. 2022లో ఇచ్చిన క్రెడిట్ కార్డు నిబంధనల్లో, మూసేయమన్న కార్డును 7 పనిదినాల్లో మూయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున కస్టమరుకు చెల్లించాలని ఉంది. బాకీ ఏమీ మిగలని కార్డులకు ఇది వర్తిస్తుంది. నేను ఈ రెండూ తేదీలతో సహా మెయిల్‌లో పెట్టాను. ఆ తర్వాత వాళ్ల జవాబుల తీరే మారిపోయింది.

మీ నాన్నగారి విషయం చదివి చాలా బాధేసింది. ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్లు చేయకూడదని, బెదిరించకూడదని, కుటుంబ సభ్యుల, స్నేహితుల జోలికి వెళ్లి పరువు తీయకూడదని ఆర్‌బీఐ 2022 ఆగస్టు 12న స్పష్టంగా చెప్పింది. ఆయనకొచ్చిన ఫోన్ల స్క్రీన్‌షాట్లు, వాట్సాప్ మెసేజ్‌లు దాచి, అదే ఫిర్యాదుకు జతచేయండి. అరెస్టు గురించి ఆయన భయపడుతుంటే ధైర్యం చెప్పండి. కార్డు బాకీ సివిల్ వ్యవహారం. అప్పు వసూలైనా, వాహనం జప్తయినా చట్టప్రకారమే జరగాలని, రౌడీలను పెట్టి కాదని సుప్రీంకోర్టు 2007లో ఐసీఐసీఐ బ్యాంకు, ప్రకాశ్ కౌర్ కేసులో గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చి చేయి చేసుకుంటామన్నా, బూతులు తిట్టినా పోలీసు ఫిర్యాదు ఇవ్వండి. ఒక జాగ్రత్త: నిజంగా కోర్టు నుంచి సమన్లు వస్తే, లేదా చెక్కు బౌన్సు నోటీసు వస్తే పక్కన పెట్టకండి, వెంటనే లాయరును కలవండి. లోక్ అదాలత్ నోటీసు చూసి మాత్రం కంగారు పడొద్దు. మీరు ఒప్పుకోనిదే అక్కడ రాజీ జరగదు.

30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు, ఆర్‌బీఐ వారి ఆన్‌లైన్ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. నాకు అక్కడే తేలింది. రుసుములన్నీ వెనక్కి తీసుకుని, బాకీ సున్నా అని బ్యాంకు రాసిచ్చింది. ఒకవేళ స్టేట్‌మెంట్లు చూశాక మీరు నిజంగా వాడిన మొత్తం ఏదైనా కనబడితే, అంతవరకే, నేరుగా బ్యాంకుకే కట్టి రసీదు తీసుకోండి. అది న్యాయం కూడా.

అంతా తేలాక బాకీ ఏమీ లేదని బ్యాంకు ఇచ్చే నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకుని, క్రెడిట్ రిపోర్టులిచ్చే సంస్థల్లో సిబిల్‌తో పాటు ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్ రిపోర్టులు కూడా చూడండి. ఏడాదికొకసారి పూర్తి రిపోర్టు ఒక్కొక్కరూ ఉచితంగా ఇవ్వాలి. తప్పు కనిపిస్తే డిస్ప్యూట్ వేయండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయలు పరిహారం ఇవ్వాలన్న నిబంధన ఉంది. ఆ సర్టిఫికెట్ కాపీ మీ నాన్నగారి ఫోన్‌లో కూడా పెట్టండి. పాత లిస్టు పట్టుకుని ఇంకో ఏజెన్సీ ఫోన్ చేస్తే చూపించడానికి ఉంటుంది. నాకు అలా ఒకసారి చేశారు, కాపీ మెయిల్ చేశాక మళ్లీ రాలేదు.