చిన్నోణ్ణి పెళ్లికి తీసుకురా బిడ్డా

హనుమకొండ

బిడ్డా,

నీ మెసేజ్ చూశాను. "మా మరిది పెళ్లికి పెద్దదాన్ని తీసుకొస్తం పెద్దమ్మా, చిన్నోణ్ణి పక్కింటోళ్ల దగ్గర ఉంచుతం, జనాల్ల వాడు పరేషాన్ అయితడు" అని రాశావు. పరేషాన్ అయ్యేది వాడా, మీరా? కోపం తెచ్చుకోకు. పరకాల, ఆత్మకూరు వైపు బళ్లల్లో ఇన్నేళ్లు పిల్లలతో గడిపినదాన్ని. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రానికి వచ్చే పిల్లలనూ, వాళ్ల తల్లులనూ దగ్గర నుంచి చూసినదాన్ని. ఫోన్‌లో చెప్తే నువ్వు ఏడుస్తావు, నేను సగంలో ఆపేస్తాను. అందుకే రాస్తున్నా.

వానికి ఇప్పుడు ఎనిమిదో ఏడు. ఇన్నాళ్లూ వాడు సీపీ (సెరిబ్రల్ పాల్సీ) వల్ల బిగుసుకొని ఉండే తన కుడి కాలు గురించి, కుడి చెయ్యి గురించి పెద్దగా ఆలోచించి ఉండడు. పుట్టినప్పటి నుంచి అవి అట్లనే ఉన్నాయి, వానికి అదే మామూలు. ఈ వయసుకు వచ్చేసరికి పిల్లలు తమను పక్కవాళ్లతో పోల్చుకోవడం మొదలుపెడతారు. ఎవరు ముందు ఉరికారు, ఎవరి రాత బాగుంది, మిస్ ఎవరిని మెచ్చుకుంది, ఇదే లోకం. అందులో తాను వెనకబడ్డానని తెలిస్తే బాధపడతారు, కానీ తట్టుకుంటారు. ఉరకలేని పిల్లలు ఎందరు లేరు? అయితే అది సిగ్గుపడాల్సిన విషయమని మాత్రం వాళ్లంతట వాళ్లకు తట్టదు. అది పెద్దవాళ్లు నేర్పేదే. చుట్టాలు వస్తే వాణ్ణి లోపలి గదిలోకి పంపుతాం. ఫోటో దిగేటప్పుడు ఆ చెయ్యి కనపడకుండా అక్క వెనక నిలబెడతాం. పెళ్లికి ఇంటిల్లిపాదీ పోయి వాణ్ణొక్కణ్ణే వదిలేస్తాం. వీటన్నిటికీ వాడు ఒక కారణం వెతుక్కుంటాడు. దొరికే కారణం ఒక్కటే: "నా వల్ల మా ఇంటోళ్లకు నామోషీ." అది ఒకసారి మనసులో పడిందంటే, తర్వాత నువ్వు ఎంత ముద్దు చేసినా నమ్మడు.

బడి ఉన్న రోజు పొద్దున్నే కడుపునొప్పి, ఆదివారం మాత్రం రాదు అన్నావు. డాక్టర్ ఏమీ లేదన్నాడని వాడు నటిస్తున్నాడనుకోకు. టెన్షన్‌కు పిల్లలకు నిజంగానే కడుపులో నొస్తుంది. కొందరు అక్కను కొడతారు, కొందరు తమ నడకను తామే ఎక్కిరించుకొని క్లాసంతా నవ్విస్తారు, వేరేవాళ్లు నవ్వేలోపు.

అంతకన్నా నన్ను ఆలోచనలో పడేసింది పెన్సిళ్ల సంగతి. వారం తిరిగేసరికి వాని బాక్స్‌లో పెన్సిళ్లు, రబ్బర్లు మాయమవుతున్నాయి, ఎక్కడ పారేసుకుంటాడో అని తిట్టానన్నావు. పారేసుకుంటున్నాడో, పంచుతున్నాడో కనుక్కో బిడ్డా. ఇట్లాంటి పిల్లలను బళ్లో చూస్తూనే వచ్చాను. స్కెచ్ పెన్నులు, చాక్లెట్లు, పుట్టినరోజుకు వచ్చిన డబ్బులు ఇచ్చి, పక్కన కూర్చునే ఒక దోస్తును సంపాదించుకుంటారు. ఎవరేం అడిగినా కాదనరు. టీచర్లేమో "బంగారంలాంటి పిల్లగాడు, నోట్లో నాలుక లేదు" అని మెచ్చుకుంటారు. నాకైతే అల్లరి పిల్లల కన్నా ఈ నోరులేని మంచితనాన్ని చూస్తేనే గుబులు. ఒక్క దోస్తు కోసం దేనికైనా సరేననే పిల్లలను చెడ్డవాళ్లు తొందరగా పసిగడతారు. అందుకని "వద్దు" అనడం ఇంట్లోనే అలవాటు చెయ్యి. ఆ చొక్కా వద్దంటే వద్దే. ఎవరో అత్తయ్య బుగ్గ గిల్లి ముద్దు పెట్టబోతే వాడు తప్పించుకున్నాడనుకో, "పెద్దోళ్లు, తప్పు" అనకు. ఇంట్లో చెల్లిన "వద్దు"నే వాడు బయట వాడగలడు.

ఇప్పుడు అసలు పని. జనం ముందు ఎట్లా మాట్లాడాలో చెప్తాను.

దసరాకు మీరు వచ్చినప్పుడు గుళ్లో జరిగింది గుర్తుందా? వాడు తీర్థానికి ఎడమ చెయ్యి చాపాడు. పంతులు "కుడిచెయ్యి, కుడిచెయ్యి" అన్నాడు. నువ్వు గబుక్కున వాని కుడి చెయ్యి పట్టి వేళ్లు విప్పబోయావు. అవి విప్పుకోలేదు. వెనక లైను ఆగింది. తొందరపెడితే, భయపడితే ఆ కండరాలు ఇంకా బిగుసుకుంటాయి, ఫిజియోథెరపీ అతను కూడా నీకు చెప్పే ఉంటాడు. చివరికి నువ్వే పట్టి వాని నోట్లో పోశావు. బయటికి వచ్చాక వాడు పులిహోర ముట్టలేదు. నాకు ఆ పంతులు మీద కోపం లేదు, ఆయనకు తెలియదు. తెలిసినవాళ్లం మనం నోరు విప్పలేదు.

మన దగ్గర ఎడమ చేత్తో ఇస్తే, తింటే ఎంత పెద్ద తప్పో నాకు తెలుసు. కానీ వానికి పనిచేసేది ఆ చెయ్యే. మొదటి రోజే, మొదటి మనిషికే నవ్వుతూ చెప్పాలి: "అయ్యగారూ, బాబుకు ఈ చెయ్యే పనిచేస్తది, దీంట్లనే పొయ్యండి." అంతే. క్షమించమని అడిగినట్టు ఉండొద్దు, కథంతా చెప్పొద్దు. కాదనేవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు. ఇంట్లో కూడా ఎడమ చేత్తో తింటున్నాడని మీ అత్తమ్మ పదే పదే అంటుంటే, నువ్వు వేరే గదిలోకి పోయి ఏడవకు. వాని ముందే, మర్యాదగానే చెప్పు. కుడి చెయ్యిని మాత్రం వదిలెయ్యొద్దు. పళ్లెం కదలకుండా ఆపడం, పుస్తకం అదిమి పట్టడం దానికి అప్పజెప్పు.

చిన్నపిల్లలు అడుగుతారు, "అన్నకు కాలు అట్లెందుకున్నది?" అని. వాళ్ల తల్లి సిగ్గుపడి "ష్!" అని వాళ్లను గుంజుకుపోతుంది. ఆ "ష్" వల్లనే రెండు వైపుల పిల్లలకూ ఇదేదో మాట్లాడకూడని విషయమని అర్థమవుతుంది. నువ్వు ఆపు, వంగి చెప్పు: "వాడు పుట్టినప్పుడు మెదడుకు కొంచెం దెబ్బ తగిలింది, అందుకే ఈ కాలు గట్టిగ ఉంటది. నొప్పి లేదు, నీకు అంటదు. వాడు క్యారమ్స్ మంచిగ ఆడుతడు." పిల్లలకు ఇది చాలు, వెంటనే క్యారమ్స్ దగ్గరికి వచ్చేస్తారు. కొన్నాళ్లకు ఈ జవాబు వాడే చెప్పేటట్టు ఇంట్లో ఆటగా ఆడించు. నువ్వు అడిగే పిల్లవు కా, వాణ్ణి చెప్పనీ. చెప్పబుద్ధి కాని రోజు "నాకు చెప్పాలని లేదు" అనే హక్కు కూడా వానికి ఉంది.

పెద్దవాళ్లతో ఇంకో తంటా. "అయ్యో పాపం, ఏ జన్మల చేసుకున్నదో" అని వాని చేతిలో పది రూపాయలు పెట్టి పోతారు. ఎక్కిరించేవాళ్లయినా ఎప్పుడో ఒకప్పుడు మానేస్తారేమో గానీ ఈ జాలిపడేవాళ్లు మానరు, పైగా తాము మంచి పని చేశామనుకుంటారు. ఊరికి పోయేటప్పుడు చుట్టాలు పిల్లల చేతిలో పెట్టే డబ్బు వేరు, ముక్కూ మొహం తెలియని మనిషి పెట్టేది వేరు. ఆ తేడా వానికి తెలుస్తుంది. "వద్దమ్మా, మా వానికి ఏం తక్కువ లేదు" అని తిరిగి ఇచ్చెయ్యి, వాడు చూస్తుండగా.

గ్రహణం రోజు నువ్వు బయటికి వచ్చావు, కత్తి పట్టుకున్నావు అని మీ అత్తమ్మ ఇప్పటికీ అంటుందన్నావు. డాక్టర్లు సీపీ అని చెప్పే ఈ సమస్య గ్రహణం వల్ల రాదు. పుట్టకముందో, కాన్పు అప్పుడో, పుట్టిన కొత్తలోనో మెదడులో ఒక చోట దెబ్బ తగలడం వల్ల వస్తుంది. ఆ దెబ్బ రోజురోజుకూ ముదిరేది కూడా కాదు. ఈ మాటలు నువ్వు చెప్తే ఆమె వినదు. ఈసారి చెకప్‌కు ఆమెను వెంట తీసుకుపో, డాక్టర్ నోటితో విననీ. తల్లిని తప్పుపట్టే ఇంట్లో పిల్లవాడు తనను తాను కూడా తప్పుపట్టుకుంటాడు. మా అమ్మ ఏడ్చేది నా వల్లే అనుకుంటాడు.

మేడారం మొక్కు గురించి కూడా ఒక మాట. మొక్కులకు నేను అడ్డం చెప్పను, నేనూ ఎత్తు బంగారం ఇచ్చినదాన్నే. వాణ్ణి తూకంలో కూర్చోబెట్టు, బెల్లం జోకించు, దండం పెట్టించు. కానీ వాడు వింటుండగా "తల్లీ, వీని కాలు మంచిగ చెయ్యి, లేకుంటే వీని బతుకు ఏం కావాలె" అని గట్టిగా ఏడవొద్దు. జాతర జాతరకూ అదే మాట వింటే, కాలు బాగయ్యేదాకా తన బతుక్కు లెక్కే లేదనుకుంటాడు. "మా పిల్లలను సల్లగ చూడు" అని మొక్కు. సమ్మక్క సారలమ్మ తల్లులకు మిగతాది తెలుసు.

అల్లుడు మొన్న దీప్తి వీడియో పంపాడు. జీవాంజి దీప్తి, మన పర్వతగిరి మండలం కల్లెడ అమ్మాయి, పారా అథ్లెట్. చిన్నప్పుడు ఊళ్లో ఆ పిల్లను పిచ్చిది, కోతి అన్నారని, అనాథాశ్రమంలో వదిలెయ్యమన్నారని ఆ తల్లిదండ్రులే చెప్పారు. వాళ్లు వదల్లేదు. 2024లో కోబెలో 400 మీటర్లు 55.07 సెకన్లలో ఉరికి తన విభాగంలో (మేధో లోపం ఉన్నవాళ్లది) అప్పటికి ప్రపంచ రికార్డు పెట్టింది, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. నాకూ గర్వమే. అయితే అల్లునితో చెప్పు: ఆ వీడియో చూపించి "నువ్వు కూడా గట్ల కావాలె" అనొద్దని. పతకం తెస్తేనే మర్యాద అంటే అది ఇంకో బరువు. వాళ్లమ్మానాన్నలు ఆమెను దగ్గర పెట్టుకున్నది పతకం వస్తుందని తెలిసి కాదు కదా.

వైకల్యం సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడుతుందని రెండేళ్లుగా వాయిదా వేస్తున్నారు. కాగితం వల్ల కాలు మారదు, కాగితం లేకపోతే మాత్రం నష్టం ఉంది. యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగులకు ఇచ్చే గుర్తింపు కార్డుకు, అప్లై చెయ్యండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే పరీక్షల్లో అదనపు సమయం, అవసరమైతే రాసిపెట్టే మనిషి, ఇంకా చాలా వాటికి అదే ఆధారం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం అట్లాంటి పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. నలుగురిలో కావాలని అవమానించినవాళ్లకు అదే చట్టంలో 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు కూడా ఉంది. నువ్వు కేసులు పెట్టుకుంటూ తిరగాలని కాదు. కానీ ఆ ప్రైవేట్ స్కూలు వాళ్లు "యాన్యువల్ డేకు రాకున్నా పర్వాలేదు" అన్నప్పుడు తల వంచుకొని రావాల్సిన అవసరం నీకు లేదు. మిస్‌తో కూర్చొని మాట్లాడు. స్టేజీ మీద ఏదో ఒక మూల నిలబెట్టమని అడగకు, వాడు చెయ్యగలిగిన పని ఏదో చెప్పి అది ఇమ్మని అడుగు. క్లాసులో "కుంటోడా" అని పిలిచేవాళ్ల పేర్లు రాయించి అందరి ముందు తిట్టించొద్దు, మరునాడు బాత్రూమ్ దగ్గర పట్టుకుంటారు. వాణ్ణీ, ఇంకో ఇద్దరినీ కలిపి ఒక పని చెయ్యించమను, చార్ట్ అంటించడమో, మొక్కలకు నీళ్లు పొయ్యడమో. పక్కన పని చేసినవాణ్ణి పిల్లలు పేరు పెట్టి పిలుస్తారు.

ఆటల్లో ఇట్లాంటి పిల్లలకు స్కోరు రాసే పని ఇస్తారు. పీఈటీ సార్లకు అది సులువు. స్కోరు రాయడం ఆడటం కాదు. చిర్రగోనె (గిల్లీదండ) ఎడమ చేత్తో కొట్టి, ఉరికే పని ఇంకొకడు చేస్తే ఏమవుతుంది? రూల్స్ మార్చుకోవడం పిల్లలకు వచ్చు, మనం మధ్యలో దూరకపోతే. ఆదివారం ఒకరిద్దరిని ఇంటికి పిలువు, పదిమందిని కాదు. క్యారమ్స్ బోర్డు వేసి నువ్వు వంటింట్లోకి పో. కొట్లాట వినపడితే రాకు. "పాపం, వాణ్ణి గెలవనీ" అని మాత్రం చస్తే అనకు. ఓడిపోవడం, అలగడం, మళ్లీ కలిసిపోవడం తోటి పిల్లల దగ్గర తప్ప ఎక్కడా నేర్చుకోలేరు. ఇంట్లోనే దాచిపెట్టిన పిల్లలకు ఇవేవీ రావు. పెద్దయ్యాక "వీనికి నలుగుర్ల మెలగరాదు" అని మనమే అంటాం.

పెద్దదాన్ని మరిచిపోకు. "దీని సంబంధాలకు వీడు అడ్డం" అని ఎవరో అన్నది ఇద్దరూ విన్నారని రాశావు. అది కూడా బళ్లో తమ్ముడి సంగతి చెప్పుకోవడం మానేసి ఉంటుంది. రోజూ కాసేపు దానితో ఒంటరిగా కూర్చో. తమ్ముణ్ణి చూసుకునే పనంతా దాని నెత్తిన పెట్టకు. దానికి తమ్ముడి మీద విసుగు రావడం తప్పు కాదని కూడా చెప్పు.

పెళ్లికి వాణ్ణి తీసుకురండి. ముందు రోజు సాయంత్రం, జనం తక్కువ ఉన్నప్పుడు, ఫంక్షన్ హాల్ ఒకసారి చూపించండి. సౌండు బాక్సుల పక్కన కూర్చోబెట్టొద్దు. అలసిపోతే పడుకోవడానికి నా రూమ్ ఉంది. పన్నీరు చల్లే పని వానికి ఇప్పిస్తానని మీ మామయ్యతో నేను మాట్లాడాను. ఎడమ చేత్తోనే చల్లుతాడు, ఎవరైనా అంటే నా దగ్గరికి పంపు.

ఒక్కటే ఇబ్బంది. ఆ హాల్ గ్రానైట్ మీద, కాలికి ఊతంగా తొడిగే ఉత్త స్ప్లింట్‌తో నడిస్తే జారుతుంది, మండపం దగ్గర చెప్పులేమో వద్దంటారు. లోపల వేసుకోవడానికే వేరేగా ఒక కొత్త జత బూట్లు తెస్తాను, బయట తొక్కనివి. స్ప్లింట్ వేసే కాలికి ఒక సైజు ఎక్కువ కావాలి. రెండు పాదాలు కాగితం మీద పెట్టించి, కుడిదానికి స్ప్లింట్‌తోనే, గీత గీసి ఫోటో పంపు.

మీ పెద్దమ్మ